నొప్పికి టేపు

నొప్పికి అంకె ఉంటుందని నలభై రెండేళ్ళు వచ్చేదాకా నాకెవరూ చెప్పలేదు. సున్నా అంటే అసలు లేదట. పది అంటే ప్రాణం పోయేంత అట. సున్నా నుంచి పది దాకా ఏదో ఒకటి క్లయింటును అడిగి రాసుకోవాలట. పర్సనల్ ట్రైనర్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు పంపిన పుస్తకంలో ఇది ఏడో అధ్యాయం. ఆరు అధ్యాయాలు దాటేసరికే నాకు బుర్ర తిరిగిపోయింది కాబట్టి, ఏడో దాని దగ్గర ఏడుపు కూడా రాలేదు.

అసలు నేను ట్రైనర్‌ని కాదు. ఆరేళ్ళుగా ఒక జిమ్‌లో రిసెప్షన్ బల్ల వెనక కూర్చునేదాన్ని. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, లాకరు తాళంచెవి జేబులో వేసుకుని ఎవరు ఇంటికి చెక్కేశారు, అన్నీ నా రిజిస్టరులో ఉండేవి. అందుకే అందరూ నన్ను రిజిస్టరమ్మ అనేవారు. పొద్దున పది నుంచి పదకొండు దాకా ఆడవాళ్ళ గంట. పంతొమ్మిది మంది వచ్చేవారు. వాళ్ళ కోచ్ ఇంకోచోట ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. ఓనరు రెండు వారాలు వెతికి, ఎవరూ దొరక్క, నన్ను తన గదిలోకి పిలిచాడు. వాళ్ళంతా నా మాట వింటారు గనక సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ గంట నాకే ఇస్తానన్నాడు. మూడు నెలల్లో తేలేకపోతే మాత్రం దాన్ని ఎత్తేసి డాన్సు క్లాసు వాళ్ళకు ఇచ్చేస్తానన్నాడు.

ఆ గంటంటే నాకు ప్రాణం. మొదటిరోజు నీళ్ళ సీసా మూత కూడా తిప్పలేని మనిషి మూడు నెలలకు ఇనుప బిళ్ళ ఎత్తి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూసుకుంటుంది. చూసింది నేనే, బల్ల వెనకనుంచి. ఆరేళ్ళు చూశాను. ఒక్కసారైనా ఆ బల్ల ఇవతలికి వచ్చి నిలబడాలని ఉండేది. ఇంట్లో ఆ మాట అంటే మావారు అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, "నువ్వు మెట్లెక్కితేనే ఆయాసపడతావు కదే" అన్నారు. అంతే, ఆ రాత్రే ఫారం నింపేశాను.

నింపాక తెలిసింది, ఇది ఒక పరీక్ష కాదు, పరీక్షల గుంపు అని. మొదట ప్రథమ చికిత్స నేర్చుకుని ఆ కాగితం తేవాలి. తర్వాత రాత పరీక్ష. ఆ తర్వాత ఎవరో ఒక మనిషిని పట్టుకుని పన్నెండు సార్లు వ్యాయామం చేయించి, ప్రతిసారీ ఒక లాగ్ బుక్కులో రాసి, సంతకం తీసుకోవాలి. చివరికి అదే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి ఎగ్జామినర్ ముందు చేయించాలి. వరుస అర్థం కావడానికే నాకు మూడు రోజులు పట్టింది. నాలుగో రోజున మళ్ళీ మర్చిపోయాను.

ప్రథమ చికిత్స దగ్గర రబ్బరు బొమ్మను నేలమీద పడుకోబెట్టి, ముందు భుజం తట్టి పలకరించమన్నారు. "ఏమండీ, వినిపిస్తోందా?" అన్నాను. బొమ్మ జవాబు చెబుతుందేమోనని కాసేపు ఆగాను. వెనకాల వాళ్ళంతా నవ్వారు. ఆగమని పుస్తకంలోనే ఉందని నేను గట్టిగా వాదించాను, నిజంగానే ఉంది. రాత పరీక్షలో ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు ఉండేవి. తోచని చోటల్లా 'పైవన్నీ' అన్నదానికి గుర్తు పెట్టాను. ఎన్ని కండరాలు నాకు తెలిసి ఒప్పయ్యాయో, ఎన్ని పైవన్నీ వల్ల ఒప్పయ్యాయో ఈరోజుకీ తెలియదు. పాసయ్యానని ఉత్తరం వస్తే రెండుసార్లు చదివి, పేరు నాదేనా అని మూడోసారి చూశాను.

ఇక మిగిలింది మనిషి. మావారిని అడిగితే "నన్నొదిలెయ్, నేనిలాగే బాగున్నాను" అన్నారు. పక్కింటావిడ ఒకరోజు చేసి, రెండో రోజు నుంచి నేను తలుపు కొడితే లేనట్టు ఊరుకునేది. లోపల టీవీ మోగుతూనే ఉండేది. ఏం చేయాలో పాలుపోక తల పట్టుకుని కూర్చుంటే, పై అంతస్తు నుంచి వదిన కబురు చేసింది. తను వస్తానని.

వదిన అంటే మావారి అక్కయ్య. మా పై అంతస్తులో రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. టైలరు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడంతా అరలు, అరల నిండా గుడ్డలు. పనిలో ఉన్నప్పుడు గుండుసూదులు పెదాల మధ్య బిగించి పట్టుకుంటుంది. మనం ఏం అడిగినా ఆ సూదుల సందుల్లోంచే జవాబు. మనిషిని గుమ్మంలో చూసి "నడుము ముప్పై నాలుగున్నర" అనేస్తుంది, టేపు పెడితే ముప్పై నాలుగున్నరే ఉంటుంది.

రెండేళ్ళ కిందట పై అరలోంచి గుడ్డ తీయబోయి స్టూలు మీదనుంచి పడింది. కుడి మోకాలు. ఎక్స్‌రేలో ఏమీ విరగలేదన్నారు. కానీ ఆ రోజు నుంచి కాలు నొప్పి, కాలు నొప్పి అని ఒకటే పాట. ఒకరోజు ఒళ్ళు మండి వంటింట్లో మావారితో అన్నాను, మీ అక్కయ్య కాలు మహా తెలివైంది, పని ఉన్నప్పుడే నొప్పి పెడుతుంది, అంతా నాటకం అని. వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన. మా దుప్పట్లకు అంచులు కుట్టి తెచ్చింది. వాటిని బల్లమీద పెట్టి, ఒక్కో మెట్టూ పక్కకు తిరిగి ఎక్కుతూ వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను పైకి వెళ్ళి, ఎందుకు చేస్తానన్నారు వదినా అని అడిగితే మిషను మీదనుంచి తలెత్తకుండా అంది.

"నా కాలు నాటకమాడుతుంది కదే. వేషం కూడా నువ్వే వేయించు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, మెల్లగా చేయించవచ్చు అని రాయించుకొచ్చి, మర్నాడే మొదలుపెట్టాను.

మొదటిరోజే నాకు కుడి ఎడమలు కలిసిపోయాయి. ఎదురుగా నిలబడితే నా కుడి ఆవిడ ఎడమ. నేను కుడి చెయ్యెత్తి కుడి అంటే ఆవిడ కుడి ఎత్తుతుంది, అద్దంలో లాగా లేదని నేను ఎడమ అంటాను, ఆవిడ ఎడమ ఎత్తేలోపు నేను చెయ్యి మారుస్తాను. చివరికి ఇద్దరం చేతులు రెండూ ఎత్తి నిలబడ్డాం. వదిన ఎర్ర గుడ్డముక్క ఒకటి తీసి గాజులాగా కుట్టి నా ఎడమ చేతికి తొడిగింది. "ఇది ఉన్నవైపు నా కుడి. ఇంకేం ఆలోచించకు, నీవల్ల కాదు" అంది.

అసలు గోల అంకెల దగ్గర వచ్చింది. ప్రతి వ్యాయామం అయ్యాక నొప్పి ఎంత అని అడిగి అంకె వేయాలి. నాలుగు దాటితే ఆపేయాలి. అడిగాను. వదిన నన్ను ఎగాదిగా చూసి, "నొప్పికి టేపు పెట్టి కొలుస్తావా?" అంది. అంగుళంలో ఎనిమిదో వంతు తేడా వస్తే జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టే మనిషి, నొప్పికి ఒక్క అంకె చెప్పనంటుంది. అంకె బదులు మాటలు చెప్పేది. కాసేపు సలుపు అనేది. కాసేపు తీపు. ఒకసారి పోటు, ఒకసారి లాగుడు. ఒక్కోసారి "కలుక్కుమంది" అని ఆగిపోయేది. ఒకరోజైతే దారం బిగిసి గుడ్డ ముడుచుకున్నట్టు ఉందంది. దాన్ని ఏ గడిలో రాయను?

నా తెలివి కొద్దీ లాగ్ బుక్కు వెనక అట్టమీద ఒక పట్టిక గీసుకున్నాను. తీపు రెండు, లాగుడు మూడు, సలుపు నాలుగు, కలుక్కు ఆరు, పోటు ఎనిమిది. పట్టిక చూసి వదిన పడీపడీ నవ్వింది. తర్వాత కావాలనే, ఇది తీపూ కాదు సలుపూ కాదు రిజిస్టరూ, మధ్యలో ఏదో ఉంది చూడు అనేది. నేను రబ్బరు పెట్టి చెరిపి చెరిపి ఆ అట్ట చిరిగిపోయింది.

అలా చెరుపుతూ ఉండగానే ఒక సంగతి కంటబడింది. ఐదోసారో ఆరోసారో. తీపు ఎప్పుడూ పిక్కలోనే, అదీ సాయంత్రం చేస్తేనే. సలుపు కూర్చుని లేచేటప్పుడు. కలుక్కుమనడం మెట్టు ఎక్కేటప్పుడు ఒక్కసారీ లేదు, దిగేటప్పుడే. వెనక్కి తిప్పి మొత్తం చూశాను. ఒక్కచోట కూడా మాట తప్పలేదు. నాటకం ఆడేవాళ్ళకు ఇంత గుర్తుండదు. రెండేళ్ళూ ఆవిడ ఉన్నది ఉన్నట్టు కొలిచి చెబుతూనే ఉంది. వినాల్సినదాన్ని నేను వంటింట్లో నోరు పారేసుకున్నాను. నాకు చాలా సిగ్గేసింది. క్షమించండి వదినా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేక, కుర్చీ ఎత్తుగా ఉంటే లేవడం తేలికని, దానిమీద ఇంకో మెత్త వేశాను. వదిన మెత్తను చూసింది, నన్ను చూసింది, దానిమీద కూర్చుంది.

పన్నెండోసారి అయ్యేసరికి వదిన రెయిలింగు పట్టుకుని నేరుగా మెట్లు దిగి వీధిలోకి వచ్చింది. పక్కకు తిరగకుండా. ఎంత ఆనందమేసిందో నాకు.

ప్రాక్టికల్ పరీక్ష ఉన్న భవనంలో లిఫ్టు చెడిపోయింది. తలుపు మీద కాగితం అంటించారు. పరీక్ష మూడో అంతస్తులో. ఎవరినైనా అడిగి గది కిందికి మార్పిస్తానని నేను అంటుంటే వదిన అప్పటికే మొదటి మెట్టు మీద ఉంది. పైకి చేరాక, రొప్పు తగ్గాక, అలవాటుగా అడిగాను, ఎంత వదినా అని.

"సున్నా" అంది.

వ్యాయామం మొదలుపెట్టాక మొదటిసారి ఆవిడ నోట అంకె వచ్చింది. నేను పొంగిపోయాను. ఇన్నాళ్ళకు దారికొచ్చింది అనుకుంటూ లాగ్ బుక్కులో గుండ్రంగా రాసుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతి ఉండదు.

ఎగ్జామినర్ పెద్దావిడ. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. చేతిలో ఒక ఫారం, ఇంకో చేతిలో గడియారం. మూడు వ్యాయామాలు, ఒక్కోటి పదిసార్లు, మూడూ పూర్తయితేనే పాసు అని చెప్పింది. ప్రతిదాని తర్వాత క్లయింటు ఏ అంకె చెబితే అదే రాయాలని, సొంత లెక్కలు వద్దని మరీ మరీ చెప్పింది. నా చేతికి ఎర్ర గుడ్డ చూసి అదేమిటంది. కుడి అన్నాను. ఎడమ చేతికి ఉంది కదా అంది. అందుకే అన్నాను. ఆవిడ ఫారం మీదికి వంగింది.

కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు అయింది. ఎంత అంటే సున్నా అంది వదిన. గోడకు చేతులానించి వంగడం పదిసార్లు అయింది. సున్నా. ఎగ్జామినర్ గడులు నింపుకుంటోంది. మిగిలింది స్టెప్పు ఒక్కటే. జానెడు ఎత్తు పెట్టె, ఎక్కి దిగాలి. పది అయితే పంతొమ్మిది మందీ నావాళ్ళే. మనసులో వాళ్ళ పేర్లు చదువుకుంటూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

మూడు దగ్గర నాకు ఏదో వెలితిగా అనిపించింది. ఏమిటో తెలియలేదు. గది నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు తట్టింది, వదిన ఏమీ అనడం లేదు. ఇన్నాళ్ళుగా ఒక్క క్షణం నోరు మూయని మనిషి తీపూ అనలేదు, సలుపూ అనలేదు, నన్ను వెక్కిరించనైనా లేదు. ఆవిడ మొహం చూశాను. పెదాలు బిగించి ఉన్నాయి, ఒక్క సూది కూడా జారిపోకూడదన్నట్టు. నోట్లో సూదులు మాత్రం లేవు.

"ఎంత వదినా?" అన్నాను, మధ్యలోనే.

"సున్నా. నువ్వు లెక్కపెట్టవే."

నాలుగు అన్నాను. ఐదు అన్నాను. చెప్పిన అంకే రాయమన్నారు. చెప్పింది సున్నా. సున్నాకు ఆపమని ఏ అధ్యాయంలోనూ లేదు. ఆపితే మూడోది పూర్తి కాదు, గంట పోతుంది, మళ్ళీ బల్ల వెనక్కే. ఇంకా ఐదేగా, ఐదు ఎంతసేపు? ఇంటికి వెళ్ళి ఐసు పెడితే సరిపోదా? ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి వస్తున్నాయి. ఏది ముందు పట్టుకోవాలో తెలియడం లేదు. వదిన దిగింది. దిగేటప్పుడు చెయ్యి వెళ్ళి టీషర్టు అంచును పట్టుకుని నలిపింది.

ఆపండి అన్నాను. ఆవిడ వినలేదు, ఆరోదానికి కాలెత్తింది. ఇంక ఏం చేయాలో తోచక, వెళ్ళి ఆ పెట్టె మీద నేను కూర్చున్నాను.

ఎగ్జామినర్ గడియారం ఆపింది. క్లయింటు సున్నా అన్నప్పుడు ఎందుకు ఆపారని అడిగింది. వదిన నాకంటే ముందే అందుకుంది. దీని మాట పట్టించుకోకండి, దీనికి మొదట్నుంచీ అంతా అయోమయమే, నాకేం లేదు, ఇంకో పదైనా చేస్తానంది. నేను పెట్టె మీదనుంచి లేవలేదు.

"మా వదిన అంకెలు చెప్పదండీ. మాటలు చెబుతుంది. ఇవాళ అంకెలే చెబుతోంది. అందుకే ఆపాను" అన్నాను.

చెప్పాక నాకే అర్థం లేనట్టు అనిపించింది. ఎగ్జామినర్ కళ్ళజోడు పెట్టుకుని ఫారం అటూ ఇటూ తిప్పింది. క్లయింటు ఆపమన్నారా, అదొక గడి. వ్యాయామం పూర్తయిందా, అదొక గడి. రెంటికీ నేను చెందను. చివరికి, రూలు ప్రకారం మూడోది పూర్తి కాలేదు కాబట్టి ఫెయిల్ అని, నలభై రోజుల తర్వాత ప్రాక్టికల్ ఒక్కటి మళ్ళీ ఇవ్వవచ్చని చెప్పింది. కింద ఏదో రాసి కాపీ చింపి ఇచ్చింది. నేను చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాను. ఏడుపు ఆపుకోవడానికే సరిపోయింది.

ఓనరుకు మెట్ల దగ్గరనుంచే ఫోను చేశాను. పాపం, తిట్టలేదు. ఒకటో తారీకు నుంచి డాన్సు వాళ్ళకు మాట ఇచ్చేశానని, కాగితం వచ్చాక వేరే గంట ఏదైనా ఉంటే చూద్దామని అన్నాడు. ఉంటే అన్నాడు. ఆ పంతొమ్మిది మందికీ రేపు పొద్దున రిజిస్టరు ముందు కూర్చుని నేనే చెప్పాలి.

మూడో అంతస్తు నుంచి రెండో దానికి దిగేదాకా వదిన నన్ను ఉతికి ఆరేసింది. ఐదు, ఇంకా ఐదే మిగిలాయి, నీ బుద్ధి ఎక్కడ మేస్తోందే, నేను పళ్ళబిగువున పట్టుకుని ఉంటే నువ్వెళ్ళి దానిమీద కూర్చుంటావా అంది. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఇంకో చెయ్యి నా భుజం మీద. మళ్ళీ పక్కకు తిరిగి దిగుతోంది. రెండో అంతస్తు మలుపులో ఆగి, మెట్టు మీద కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. మోకాలు పైజమాలోంచే ఉబ్బి కనిపిస్తోంది.

కాపీ తీసి చదివాను. కింద, వ్యాఖ్యలు అన్నచోట, రెండే మాటలు. క్లయింటును మార్చవద్దు. వదినకు చూపించాను. ఆవిడ చదివి, మడత సరిగ్గా పెట్టి, గోటితో గీసి నాకిచ్చింది. అప్పుడు అంది.

"రెండేళ్ళూ ఉందంటే నమ్మలేదు. ఇవాళ లేదంటే నమ్మలేదు. నీతో ఎలా వేగాలే నేను?"

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చేసింది. ఆ రోజు వంటింట్లో అన్న మాట, వదినా, అని మొదలుపెట్టాను, ముక్కు చీదుకుంటూ. ఆవిడ పూర్తి చేయనివ్వలేదు. ఇప్పుడది ఎందుకులే, ముందు నన్ను లేవదియ్యి అంది. లేవదీయలేదు. లాగ్ బుక్కు తీశాను. పొద్దున రాసిన సున్నాను కొట్టేశాను.

"చెప్పండి వదినా. ఎంత?"

వదిన మోకాలి మీద అరచెయ్యి పెట్టింది. గుమ్మంలో మనిషిని చూసినట్టు కళ్ళు చికిలించి చూసింది దాన్ని.

"ఆరున్నర" అంది.

పుస్తకంలో అర అంకెలు వేయకూడదని ఉంది. నేను ఆరున్నర అని రాసి, సంతకానికి పెన్ను ఆవిడ చేతికిచ్చాను.